తెల్లారకముందు పని

చలికి వాటి కాళ్ళు మొద్దుబారి ఉంటాయి, ఆ వేళకి.
ఎండ కాస్త రేకుల కప్పు మీదికి జారిందా
ఇక ఒక్కటీ చేతికి చిక్కదు.
అందుకే చీకటితో లేచి
కరాలియోకి చెట్టు కింద
పెళ్ళికి పెట్టిన తెల్లదుప్పటి పరుస్తాను.
దాన్ని ఇంతకన్నా మంచి పనికి ఎప్పుడూ వాడలేదు.

బూజుకర్రకి గుడ్డ చుట్టి
కొమ్మకి ఒక్క దెబ్బ. గట్టిగా కాదు,
నిద్రపోయే పిల్లాడి వీపు తట్టినట్టూ కాదు,
మధ్యలో ఎక్కడో.
టపటపా రాలతాయి
ఎవరో చిల్లర పారబోసినట్టు.
గోధుమరంగు డాలు మోసుకు తిరిగే బుల్లి సిపాయిలు
వెల్లకిలా పడి గాలిని తంతుంటాయి.
నాలుగు మూలలూ ఎత్తి
సబ్బునీళ్ళ బకెట్లోకి దులుపుతాను.
అప్పుడు లేస్తుంది ఆ వాసన.

కొత్తిమీర.
అచ్చం కొత్తిమీరే,
కాకపోతే కోపమొచ్చిన కొత్తిమీర.

అవి మా ఊరికొచ్చిన ఏడాది నుంచీ
చిక్కుడుగింజల కూరలో నేనది వెయ్యలేదు.
వచ్చిన చుట్టాలు గిన్నె చూసి, నన్ను చూసి,
ఏమీ అనకుండా తిని వెళ్ళారు.

ఈ పురుగు పండు తినదు, అదే దాని దొంగతనం.
సూదిమూతి దింపి ఓ గుక్క తాగి పోతుంది.
పైన చిన్న సొట్ట,
కోస్తే లోపల బెండు.
పోయినేడు పద్దెనిమిది గంపలు రావాల్సిన చెట్టు
రెండు గంపలిచ్చింది; అందులో ఒకటి పందులకి.

జుగ్దిది సంతలో మందు డబ్బా కొన్నాను ఒకసారి.
పురుగులు రెండు రోజులు ఊరెళ్ళి వచ్చాయి.
తేనెటీగలు రాలేదు.

పిల్లల్ని పెట్టాను. సీసాడు పురుగులకి ఒక చాక్లెట్.
ఉచా మొదటిరోజు రెండు సీసాలు తెచ్చాడు,
మూడో వారానికి రోజుకి ఏడు.
తొమ్మిదేళ్ళవాడికి పైకొమ్మలెలా అందుతున్నాయా అనుకున్నా.
వాళ్ళమ్మ గుగులి వచ్చి, గడప దగ్గరే నిలబడి చెప్పింది:
మంచం కింద అట్టపెట్టె,
పెట్టెలో మేతకి పచ్చి చిక్కుళ్ళు,
ఆకు వెనక ముత్యాల్లా అతికించిన గుడ్లు,
గుత్తికి ఇరవై ఎనిమిది, లెక్క రాసి మరీ.
నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.
చాక్లెట్లు వెనక్కి అడగలేదు;
నలభై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పాను,
వడ్డీ సంగతి ఇంత బాగా అర్థమైనవాణ్ణి చూడలేదు.

ఎన్ని పట్టినా మర్నాడు మళ్ళీ అన్నే.
కంచె అవతలి నుంచి వస్తున్నాయని
నాకు తెలుసు, ఓటియాకి తెలుసు,
మా ఇద్దరికీ తెలుసని అతని కుక్కకీ తెలుసు.
కంచె రెండడుగులు ఇటు జరిపాడని
ఆరేళ్ళుగా మాకు మాటల్లేవు.
అతని అత్తిచెట్టు సగం నా వైపే వంగుతుంది.
ఆ పండు నేను ముట్టను, అతను కొయ్యడు.
పురుగులకి మాత్రం ఏ కోర్టు కాగితమూ అడ్డం రాలేదు.

ఓ తెల్లవారుజామున నా కర్ర చప్పుడుకి
అవతల ఇంకో కర్ర చప్పుడు.
ఆగాను. అదీ ఆగింది.
కొట్టాను. కొట్టాడు.
సముద్రం మీంచి వచ్చిన మంచులో
మొహాలు కనపడకుండా
కొమ్మ వెంట కొమ్మ, తోట చివరిదాకా వచ్చేశాం.
అత్తిచెట్టు దగ్గర నాకు చేతులు చాలలేదు.
కంచె మీంచి దుప్పటి అంచు చాచాను.
కాసేపు ఏమీ జరగలేదు.
తర్వాత బరువు తగ్గింది.

ఈ ఏడు ఆరు గంపలు.
సొట్టలున్నవి ఏరి, బెండు చెక్కేసి,
పండ్లు దారానికి కట్టి వసారాలో ఆరగట్టాను.
కంచె అక్కడే ఉంది. రెండడుగులూ అక్కడే ఉన్నాయి.
మొన్న గిన్నెడు కూర పంపితే
కడిగిన గిన్నె తెచ్చి గేటు మీద బోర్లించి
నాలుగడుగులు వేసి ఆగాడు ఓటియా:
"ఇంతకీ కొత్తిమీర వేశావా,
చెయ్యి కడుక్కోలేదా?"